గాజు బొమ్మ గడప దాటాలంటే...

‘కుమ్మరికి ఒక ఏడు, గుదియకు ఒక పెట్టు’ అని మన పెద్దల సామెత. కుమ్మరి ఏడాదంతా కష్టపడి చేసిన కుండలు ఒక్క కర్రదెబ్బతో పోతాయని అర్థం. గాజు మీద బొమ్మలు వేసే ఆడవాళ్లకు ఈ మాట వేరే ఎవరూ చెప్పక్కరలేదు. మధ్యాహ్నం వంటిల్లు సర్దుకున్నాక, పిల్లలు బడి నుంచి వచ్చేలోగా దొరికే కాస్త తీరికలో గీతలు గీసి, రంగులు నింపి, వెనక తళతళలాడే రేకు అంటించి తయారుచేసిన కృష్ణుడి పటం... బెంగళూరులో కూతురి గృహప్రవేశానికి బస్సులో పంపితే, అక్కడ విప్పేసరికి మూడు ముక్కలు! ఇంట్లో పిల్ల కాబట్టి ‘పోనీలేమ్మా’ అంటుంది. అదే డబ్బిచ్చి ఆర్డరు పెట్టినవాళ్లయితే? అద్దం ఖర్చు, రంగుల ఖర్చు, ఫ్రేము ఖర్చు, కిరాయి అన్నీ మన కొంగుముడి నుంచే పోతాయి. మళ్లీ ఆర్డరిస్తారన్న నమ్మకమూ ఉండదు.

ఇక అత్తగారి కాలం నాటి గాజు పటమో, తాతగారు తెచ్చిన గాజు దీపమో అయితే డబ్బు లెక్కకే అందదు. పోయిందంటే పోయినట్టే.

అందుకే బొమ్మ వేయడం ఎంత శ్రద్ధగా నేర్చుకుంటామో, దాన్ని కట్టి పంపడం కూడా అంతే శ్రద్ధగా నేర్చుకోవాలి. ఇదేమంత బ్రహ్మవిద్య కాదు. ఖరీదైన సామానూ అక్కరలేదు. ఇంట్లో ఉన్న అట్టపెట్టెలు, పాత నూలుచీరలు, కాస్త ఓపిక... ఇవి చాలు. పైగా మన మదనపల్లె, పుంగనూరు, కుప్పం వాళ్లకు పెళుసు సరుకు పంపడం కొత్తేమీ కాదు కదా!

టమోటా మండీ నేర్పే పాఠం

మదనపల్లె టమోటా మార్కెట్టు పేరు దేశమంతా తెలుసు. ఇక్కడ లోడు చేసిన కాయలు లారీల్లో రాష్ట్రాలు దాటి పోతాయి. చేత్తో గట్టిగా నొక్కితే చితికిపోయే కాయ అంత దూరం ఎలా పోతోంది? ఒకప్పుడు కొయ్యపెట్టెల్లో పోసి పంపేవారు. ఇప్పుడు ప్లాస్టిక్ క్రేట్లు వచ్చాయి. ఆ క్రేట్లను ఒకదాని మీద ఒకటి పేరుస్తారు. ఈసారి అటు వెళ్లినప్పుడు కాస్త గమనించండి. పై క్రేటు బరువు కింది కాయల మీద పడదు, కింది క్రేటు గోడల మీద పడుతుంది. క్రేటు నిండుగా ఉంటే లోపల కాయలు దొర్లవు. అంచు దాటేలా నింపితే మాత్రం పైవరస చితికిపోతుంది.

గాజుకూ ఇదే సూత్రం. బరువు పెట్టె మోయాలి గానీ లోపలి వస్తువు మోయకూడదు. పెట్టెలో వస్తువు కదలకూడదు. అలాగని బిగించి ఒత్తకూడదు. ఈ మూడూ గుర్తుంటే సగం పని అయినట్టే.

పలమనేరు మట్టిబొమ్మలు కొనుక్కున్న వాళ్లను అడగండి. బొమ్మ చుట్టూ మెత్తగా ఏదో ఒకటి చుట్టి, రెండు బొమ్మలు ఒకదానికొకటి తగలకుండా మధ్యలో అడ్డం పెట్టుకుంటేనే అది క్షేమంగా ఇల్లు చేరుతుంది. మట్టయినా గాజైనా ఒకటే మాట... పెళుసు వస్తువుకు పెళుసు వస్తువు తగలనివ్వకూడదు.

గాజు ఎందుకు పగులుతుంది?

గాజు చాలా గట్టిది. అన్ని పక్కల నుంచీ సమంగా ఒత్తితే బాగానే ఓర్చుకుంటుంది. వంచితేనే ఓర్చుకోదు. ఇనుప రేకు వంగుతుంది, గాజు పలక కొద్దిగా వంగగానే పుటుక్కుమంటుంది. అంచున చిన్న పెచ్చు లేచి ఉన్నా, పైన సన్నని గీత పడి ఉన్నా, పగులు అక్కడే మొదలవుతుంది. కాబట్టి ప్యాకింగు మొదలుపెట్టే ముందు అద్దం నాలుగు అంచులూ వెలుతురులో చూసుకోండి. పెచ్చు లేచిన అద్దాన్ని ప్రయాణానికి పంపకపోవడమే మంచిది. ఫ్రేము కట్టే షాపులో అంచులు సాన పట్టించుకుంటే ఇంకా నయం.

రెండో సంగతి. అద్దాన్ని పడుకోబెట్టి పంపకండి, నిలబెట్టి పంపండి. చాలామంది ‘పడుకోబెడితే కింద పడదు కదా’ అనుకుంటారు. కానీ పడుకున్న అద్దం బస్సు గుంతలో పడ్డప్పుడల్లా తన బరువుకు తానే మధ్యలో వంగుతుంది. పైన ఎవరో ఒక మూట పెడితే ఇక చెప్పనే అక్కరలేదు. అంచు మీద నిలబడ్డ అద్దం అలా వంగదు. గాజు షాపులకు అద్దాలు తెచ్చే బండ్లు చూడండి. వాలుగా ఉన్న చట్రానికి ఆనించి, నిలబెట్టే తెస్తారు.

ఇది ఎంత పెద్ద అద్దానికైనా వర్తిస్తుంది. 1936లో అమెరికాలోని కార్నింగ్ ఊరి నుంచి కాలిఫోర్నియాకు పాలొమార్ టెలిస్కోపు కోసం 200 అంగుళాల గాజు దిమ్మెను రైలులో పంపారు. బరువు దాదాపు 20 టన్నులు! దాన్ని కూడా ఉక్కు పెట్టెలో పెట్టి, పళ్లెం నిలబెట్టినట్టు నిలబెట్టారు. రైలును గంటకు 25 మైళ్లు మించి నడపలేదు. ఖండం ఈ చివర నుంచి ఆ చివరకు పగలే ప్రయాణం చేయించారు. గాజు క్షేమంగా చేరింది. మన కుప్పం దాటి తమిళనాడులోకి వెళితే జవ్వాది కొండల్లో కావలూరు నక్షత్రశాల ఉంది. అక్కడి 2.34 మీటర్ల టెలిస్కోపు 1986 జనవరిలో మొదలైంది. దాని అద్దం కూడా బెంగళూరులో నునుపు పెట్టించుకుని కొండెక్కినదే. అంత పెద్ద గాజే ప్రయాణం చేసినప్పుడు మన రెండడుగుల పటం చేయలేదా?

కావలసినవి

తెల్ల కాగితం లేదా బటర్ పేపరు. బుడగల షీటు, అదే బబుల్ షీటు. గట్టి అట్టపెట్టెలు రెండు, ఒకటి చిన్నది, ఒకటి పెద్దది. అట్టముక్కలు. కాగితపు మాస్కింగ్ టేపు. వెడల్పాటి బ్రౌన్ టేపు. పురికొస. పాత నూలుచీరలు లేదా దుప్పట్లు. మార్కరు పెన్ను.

బుడగల షీటు వెనక ఒక సరదా సంగతి ఉంది. 1957లో అమెరికాలో ఇద్దరు ఇంజనీర్లు దాన్ని గోడలకు అంటించుకునే అలంకరణ కాగితంగా తయారుచేయబోయారు. గోడలకెవరూ కొనలేదు. తర్వాత కంప్యూటర్లు పంపడానికి వాడి చూస్తే బ్రహ్మాండంగా పనికొచ్చింది. అది దొరక్కపోతే దిగులుపడకండి. పాత బొంత దాని పని చేస్తుంది, కాకపోతే బరువు పెరుగుతుంది.

పెట్టె విషయంలో మాత్రం పీనాసితనం వద్దు. తడిసి ఆరిన పెట్టెలు, మూలలు నలిగిన పెట్టెలు పనికిరావు. అట్ట అంచును చూస్తే మధ్యలో అలలు అలలుగా ఉన్న పొర కనిపిస్తుంది. ఆ అలలు రెండు వరసలున్న పెట్టెను దుకాణాల్లో ‘5 ప్లై’ అంటారు. చిన్న పటాలకు అది చాలు. బరువు ముందే లెక్క వేసుకోండి. 4 మి.మీ. మందం అద్దం చదరపు అడుగుకు దాదాపు కిలో తూగుతుంది. అంటే రెండడుగుల వెడల్పు, మూడడుగుల ఎత్తు పటానికి ఫ్రేము కాకుండానే అయిదున్నర కిలోలు దాటుతుంది. అంత బరువుకు మామూలు బిస్కెట్ల పెట్టె ఏం ఆగుతుంది చెప్పండి!

కట్టే విధానం

1. ముందు రంగు పూర్తిగా ఆరనివ్వండి. గాజు రంగులు పైకి ఆరినట్టే కనిపిస్తాయి, లోపల మెత్తగా ఉంటాయి. గీతలకు వాడే లైనరైతే మరీను. కనీసం వారం రోజులు ఆగండి. వానాకాలమైతే ఇంకో నాలుగు రోజులు ఎక్కువే. ‘రేపే పంపాలి’ అన్న తొందరలోనే సగం బొమ్మలు పాడవుతాయి. ఆర్డరు తీసుకునేటప్పుడే ఆరే రోజులు, కట్టే రోజు కలుపుకుని తేదీ చెప్పండి.

2. అద్దం నున్నటి వైపు, అంటే రంగు లేని వైపు, మాస్కింగ్ టేపును మూల నుంచి మూలకు ఇంటూ గుర్తులా అంటించండి. మధ్యలో ఇంకో రెండు పట్టీలు వేసినా మంచిదే. టేపు వల్ల అద్దం పగలకుండా ఉంటుందని కాదు. ఒకవేళ పగిలితే ముక్కలు చెదిరి బొమ్మను గీరకుండా, విప్పేవాళ్ల చేతులు కోసుకోకుండా ఆపుతుంది. రంగున్న వైపు, బంగారు రేకున్న వైపు మాత్రం టేపు ఛాయలకు కూడా పోకండి. టేపుతోపాటు రంగూ ఊడి వస్తుంది.

3. పటమంతా తెల్ల కాగితంలోనో బటర్ పేపరులోనో చుట్టండి. న్యూస్‌పేపరు నేరుగా చుట్టొద్దు. సిరా అంటుకుంటుంది. బుడగల షీటు కూడా నేరుగా రంగుకు తగలకూడదు. మన ఎండలకు రంగు కాస్త మెత్తబడితే చాలు, గుండ్రటి మచ్చలు పడిపోతాయి. కాగితం పొర మీద షీటును బుడగలు బయటివైపు ఉండేలా రెండు చుట్లు చుట్టండి.

4. నాలుగు మూలలకూ టోపీలు పెట్టండి. అట్టముక్కను మడిచి, జేబులా చేసి, మూలకు తొడిగి టేపు వేయడమే. పెట్టె కింద పడితే మొదట నేలకు తగిలేది మూలే. చీరల షాపులో ఇచ్చే అట్టపెట్టెలు దీనికి చక్కగా సరిపోతాయి.

5. ముందొకటి, వెనకొకటి అట్టపలకలు పెట్టి శాండ్‌విచ్‌లా బిగించండి. పలకలు పటం కన్నా అన్ని వైపులా అంగుళం పెద్దవిగా ఉండాలి. పెద్ద పటమైతే అట్టకు బదులు పలుచటి ప్లైవుడ్ వాడండి.

6. దీన్ని చిన్న పెట్టెలో నిలబెట్టి, సందులన్నీ నలిపిన కాగితంతో నింపండి. ఆ పెట్టెను పెద్ద పెట్టెలో దించండి. రెండు పెట్టెల మధ్య కింద, పైన, నాలుగు పక్కలా రెండేసి అంగుళాల జాగా ఉండాలి. ఆ జాగాలో నలిపిన కాగితమో, మడిచిన చీరలో, థర్మాకోల్ ముక్కలో కూరండి. బయటి పెట్టెకు తగిలిన దెబ్బను ఈ పొర మింగేస్తుంది. చాలామంది మానేసేది ఈ మెట్టే. కాపాడేదీ ఇదే!

7. మూత వేసి, టేపు వేయకముందు పెట్టెను రెండు చేతులతో పట్టుకుని మెల్లగా ఊపండి. లోపల ఏమైనా కదిలిన చప్పుడు వచ్చిందా? విప్పి మళ్లీ నింపండి. మూత పైకి ఉబ్బిందా? ఎక్కువైనట్టు. కాస్త తీసేయండి.

8. బ్రౌన్ టేపును అతుకులన్నిటి మీదా వేసి, పైన పురికొస కట్టండి. ఎత్తుకోవడానికి పురికొసతో పట్టు కూడా పెడితే ఎవరూ మూల పట్టి ఈడ్వరు.

ఒకటి కన్నా ఎక్కువ పటాలుంటే వంటింటి స్టాండులో పళ్లేలు పెట్టినట్టు వరసగా నిలబెట్టండి. ప్రతి రెండిటి మధ్య ఒక అట్టపలక తప్పనిసరి. బరువైనవి మధ్యలో, తేలికవి చివర్లలో ఉంచండి.

మొదటిసారి కడుతున్నవాళ్లు ఒక పరీక్ష చేసుకోండి. అంతే సైజు మామూలు అద్దం ముక్కను ఇదే పద్ధతిలో కట్టి, మోకాలి ఎత్తు నుంచి రెండు మూడుసార్లు కింద వదలండి. విప్పి చూడండి. ముక్క బాగుంటే ధైర్యంగా బొమ్మను పంపొచ్చు. పగిలితే పోయింది పనికిరాని ముక్కే కదా!

సీసాలు, దీపాలు, గాజు కూజాలు

రంగులు వేసిన సీసాలు, గాజు దీపపు బుడ్లు, పూలకూజాలు... వీటిది వేరే లెక్క. పలక అద్దం అంచున పగులుతుంది. ఇవి మెడ దగ్గరో, చేతిపిడి దగ్గరో, సన్నగా ఉన్న చోటో పగులుతాయి. ముందు లోపలి ఖాళీలో మెత్తటి కాగితం వదులుగా నింపండి. కుక్కకండి, లోపలి నుంచి ఒత్తినా ప్రమాదమే. తర్వాత పొడుచుకొచ్చిన భాగాల చుట్టూ కాగితం చుట్టి, మిగతా ఒంటితో సమంగా లావు చేయండి. ఆపైన మొత్తం వస్తువును షీటులో చుట్టండి. అప్పుడది కూజాలా కాకుండా దిండులా కనిపించాలి.

మూత ఉన్నవాటికి మూత తీసి విడిగా చుట్టండి. దీపం చిమ్నీని బుడ్డి మీద ఉంచి ఎప్పుడూ పంపకండి. అద్దాలు కుట్టిన తోరణాలు, అద్దాలు అతికిన ఫ్రేములు పంపేటప్పుడు మడతలో అద్దం మీద అద్దం పడకుండా మధ్యలో గుడ్డ పరవండి.

టమోటా క్రేటు కూడా దీనికి పనికొస్తుంది. సొంత కారులో తీసుకెళ్తుంటే క్రేటు అడుగున బొంత పరిచి, చుట్టిన కూజాలను నిలబెట్టి, సందుల్లో చీరలు కూరండి. పైన ఇంకో క్రేటు పెట్టినా బరువు గోడల మీదే పడుతుంది.

పాత గాజు పటాలుంటే...

మన వైపు కొన్ని పాత ఇళ్లలో దేవుడి గూట్లో గాజు వెనక వేసిన పటాలు ఇప్పటికీ ఉంటాయి. ఈ విద్య 18వ శతాబ్దంలో చైనా వర్తకం ద్వారా మన దేశానికి వచ్చిందని, తంజావూరు, మైసూరు ప్రాంతాల్లో బాగా పెరిగిందని చెబుతారు. ఇందులో చిత్రకారుడు అంతా తిరగేసి వేస్తాడు. మామూలు బొమ్మలో చివర వేసే కంటిపాప, ముక్కుపుడక, నగల చుక్కలు ఇక్కడ మొదట వేయాలి. వెనక రంగు ఆఖరున వేయాలి. మనం ముందు నుంచి గాజులోంచి చూస్తాం, రంగు మాత్రం వెనక ఉంటుంది.

ఈ పటాల విషయంలో జాగ్రత్త రెండింతలు కావాలి. ఏళ్ల తరబడి తేమకు, దీపం వేడికి వెనక రంగు పొరలు పొరలుగా లేచి ఉండొచ్చు. వెనక అట్ట తీసి చూడాలన్న ఉబలాటం వద్దు, రంగు అట్టకు అంటుకుని వచ్చేస్తుంది. తడిగుడ్డతో తుడవొద్దు. గాజు ముందువైపున మాత్రం పొడిగుడ్డతో మెల్లగా తుడవండి.

‘నిలబెట్టి పంపాలి’ అన్న నియమానికి మినహాయింపు ఇక్కడే ఉంది. రంగు ఊడుతున్న పటాన్ని నిలబెడితే రేకులు రాలి అడుగున చేరతాయి. అలాంటిదాన్ని పార్సిల్లో అసలు పంపనే వద్దు. తప్పనిసరైతే కారులో మెత్తటి దిండు మీద, రంగు వైపు పైకి ఉండేలా పడుకోబెట్టి, పైన ఏమీ పెట్టకుండా మీరే తీసుకెళ్లండి.

బంగారు రేకుతో చేసే తంజావూరు చిత్రాలది ఇంకో కథ. అందులో బొమ్మ చెక్క మీద ఉంటుంది, గాజు కేవలం పైకప్పు. దూరం పంపేటప్పుడు ఫ్రేము షాపులో గాజు తీయించి, బొమ్మను మాత్రం పంపి, అక్కడ కొత్త అద్దం వేయించుకోమనండి. లేదా గాజుకు బదులు అక్రిలిక్ షీటు వేయించండి. బరువు సగానికి సగం తగ్గుతుంది, పగిలి బొమ్మను చీల్చే భయమూ ఉండదు.

ఏ దారిన పంపాలి?

వస్తువు ఎన్ని చేతులు మారితే అంత ప్రమాదం. ఇదొక్కటి గుర్తు పెట్టుకుంటే దారి మీరే తేల్చుకోవచ్చు.

పుంగనూరుకు రైలు లేదు. మదనపల్లె రోడ్డు స్టేషను ఊరికి దూరంగా సీటీఎం దగ్గర ఉంది. కాబట్టి ఈ రెండు ఊళ్ల వాళ్లకు బస్సే దిక్కు. ఆర్టీసీ బస్సుల్లో పార్సిళ్లు తీసుకుంటారు. అడిగేటప్పుడే ‘మధ్యలో బస్సు మారుతుందా?’ అని తెలుసుకోండి. గంట ఆలస్యమైనా నేరుగా వెళ్లే బస్సే మేలు. తిరుపతికైతే భాకరాపేట ఘాటు, చిత్తూరు వైపైతే మొగిలి ఘాటు దాటాలి. మలుపుల్లో పెట్టె అటూ ఇటూ ఊగుతుంది. కట్టేటప్పుడు కింద, పైనే కాక పక్కలా గట్టిగా నింపాలని చెప్పింది ఇందుకే.

కుప్పం వాళ్లకు బెంగళూరు, చెన్నై వైపు రైలు సౌకర్యం ఉంది. చిన్న పటమైతే ఎవరో ఒకరు చేత్తో తీసుకెళ్లడం అన్నిటికన్నా మేలు. పై బెర్తు మీద పెట్టకండి. సీటుకూ గోడకూ మధ్య నిలబెట్టి, పక్కన మీ బట్టల సంచి ఆనించండి.

పెట్టె ఎక్కించేటప్పుడు నోరు తెరిచి చెప్పడానికి మొహమాటపడకండి. ‘అన్నా, గాజు సామాను ఉండాది. పడుకోబెట్టద్దు, నిలబెట్టే పెట్టన్నా’ అంటే ఎవరూ కాదనరు. పెట్టె మీద కూడా రాయండి. పైకి బాణం గుర్తు, పక్కన గాజు గ్లాసు బొమ్మ వేయండి. చదువు రానివాళ్లకూ అర్థమవుతుంది. మన వైపు పార్సిళ్లు మూడు రాష్ట్రాల హమాలీల చేతుల్లో పడతాయి. తెలుగుతోపాటు ఇంగ్లీషు, తమిళం, కన్నడంలో కూడా రాయించండి. కన్నడం వాళ్లకూ ‘గాజు’ గాజే, తమిళంలో ‘కణ్ణాడి’ అంటారు. చిరునామా పెట్టె మీద ఒకటి, లోపల ఒకటి పెట్టండి.

పోస్టులోనో కొరియర్లోనో పంపితే బీమా సంగతి ముందే అడగండి. గాజు పగిలితే బాధ్యత లేదని రసీదు వెనక చిన్న అక్షరాల్లో రాసి ఉండొచ్చు. చదివాకే డబ్బు కట్టండి. కట్టకముందు బొమ్మకు, కడుతున్నప్పుడు లోపలి పొరలకు, కట్టాక పెట్టెకు ఫోనులో ఫొటోలు తీసి ఉంచండి. ఆర్డరు బిల్లు జాగ్రత్త చేయండి. రేపు ఏదైనా జరిగితే ‘సరిగా కట్టలేదు’ అన్న మాటకు ఇవే మీ జవాబు. ప్యాకింగు ఖర్చు బొమ్మ ధరలోనే కలపండి. ‘అట్టపెట్టెకేం, టేపుకేం’ అని వదిలేస్తే మీ కష్టంలోంచే పోతుంది.

విదేశాల్లో పిల్లలకు పంపాలంటే

ఇక్కడ రెండు సంగతులు తెలియక చాలామంది చిక్కుల్లో పడతారు. మొదటిది గడ్డి. మన దగ్గర వరిగడ్డి మంచి మెత్త. ఊళ్ల మధ్యకైతే బాగా ఎండినది వాడొచ్చు. కానీ అమెరికా, ఆస్ట్రేలియాల్లో పురుగులు, తెగుళ్ల భయంతో వరిగడ్డితో కట్టిన సరుకును రానివ్వరు. మామూలు కొయ్యతో చేసిన పెట్టెకు కూడా వేడితోనో మందుతోనో శుద్ధి చేసినట్టు ముద్ర ఉండాలి. ప్లైవుడ్‌కు ఆ బాధ లేదు. విదేశాలకు కాగితం, బుడగల షీటు, ప్లైవుడ్ మాత్రమే వాడండి.

రెండోది ఇంకా ముఖ్యం. నూరేళ్లు దాటిన చిత్రాలు, కళావస్తువులు 1972 నాటి పురావస్తువుల చట్టం కిందికి వస్తాయి. మన ఇంటి వస్తువే అయినా, మన పిల్లలకే అయినా వాటిని దేశం దాటించకూడదు. నూరేళ్లు నిండలేదనుకున్నా పాతగా కనిపించే పటమైతే, అది పురావస్తువు కాదని పురావస్తు శాఖ నుంచి సర్టిఫికెట్ తీసుకున్నాకే పంపాలి. అసలు అలాంటి పటం ఫొటో తీయించి పంపి, అసలుది ఇంట్లోనే ఉంచుకోవడం ఉత్తమం.

అందుకున్నవాళ్లకు ఒక మాట

పెట్టె చేరగానే కత్తితో చరచరా కోయొద్దని ఫోనులో చెప్పండి. టేపు అతుకు వెంట పైపైన కోసి, మంచం మీదనో పరుపు మీదనో విప్పాలి. లోపల గలగలమంటే కదిలించకుండా ముందు ఫొటో తీసి, తర్వాత విప్పమనండి.

పగిలిందనుకోండి, పిల్లల్ని అవతలికి పంపి, చెప్పులు వేసుకుని, పెద్ద ముక్కల్ని మందపాటి గుడ్డతో తీయాలి. సన్నని రవ్వలు తడి న్యూస్‌పేపరుతో గాని, తడి చపాతీ పిండి ముద్దతో గాని అద్దితే వచ్చేస్తాయి. ఆ ముద్దనూ ముక్కలనూ కాగితాల్లో మూటకట్టి, పైన ‘గాజు’ అని రాసి పారేయాలి. వట్టిగా చెత్తలో వేస్తే చెత్త ఎత్తే అమ్మాయి చేయి తెగుతుంది, కుప్పలో మేసే ఆవు నోరు తెగుతుంది. పాత పటం పగిలితే మాత్రం పారేయొద్దు. జిగురుతో అతికించనూ వద్దు. ముక్కలను విడివిడిగా కాగితంలో పెట్టి, రంగు వైపు పైకి ఉండేలా పెట్టెలో పరిచి ఉంచండి. తెలిసినవాళ్ల చేతిలో పడితే మళ్లీ నిలిచే అవకాశం ఉంటుంది.

ఇంత చెప్పినా ఇది ఒక పూట పని. మొదటిసారి రెండు గంటలు పడుతుంది, అయిదోసారికి అరగంటలో అయిపోతుంది. బొమ్మ వేసిన చేతులే దాన్ని కడితే ఎక్కడ సన్నగా ఉందో, ఎక్కడ రంగు మెత్తగా ఉందో వాటికే తెలుస్తుంది. అందుకే ఈ పని షాపు కుర్రాడికి వదలకుండా మీరే చేసుకోండి. ఈసారి కూతురి ఇంటికి వెళ్లినప్పుడు హాల్లో గోడ మీద మీ కృష్ణుడు ఒక్క గీత కూడా పడకుండా నవ్వుతూ కనిపిస్తాడు!